సెరొటోనిన్ – యూనానీ చెప్పే ఆరు కారణాలు

కొన్నాళ్ల క్రితం ఒకాయన భార్యను వెంటబెట్టుకుని మా దవాఖానాకు వచ్చారు. చేతిలో ల్యాబు కాగితం ఉంది. "హకీం సాబ్, ఈమెకు సెరొటోనిన్ తక్కువగా ఉందట. అది తొందరగా పెరిగేలా ఏదైనా ఖమీరా రాసివ్వండి" అన్నారు. ఆమె వయసు ముప్పై నాలుగేళ్లు. ఇద్దరు పిల్లలు. ఇంట్లోనే కుట్టుపని. ఏమ్మా ఏమైందని అడిగితే, "నాకు జబ్బేమీ లేదండీ. పని చేస్తూనే ఉన్నాను. కానీ దేనిమీదా మనసు పోవడం లేదు" అన్నది.

ఈ మాట ఈమధ్య చాలా ఇళ్లలో వింటున్నాం. పేపర్లలో, టీవీల్లో సెరొటోనిన్‌ను 'సంతోషపు రసాయనం' అని రాయడం మొదలైన తర్వాత, మనసు బాగాలేదంటే చాలు ఆ రసాయనం తగ్గిందని అనుకుంటున్నారు. తగ్గితే నింపాలి, నింపాలంటే మందో, పండో, టానిక్కో కావాలి. ఇదీ లెక్క! ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో, ఆరోగ్యంగా ఉన్న మనిషిలో సెరొటోనిన్ పనితీరును నిజంగా మార్చేవి ఏమిటో ఈ వారం పాఠంగా చెప్పుకుందాం.

సెరొటోనిన్ అంటే ఏమిటి?

దీని కథ కడుపులో మొదలైంది. 1930లలో ఇటలీకి చెందిన విట్టోరియో ఎర్‌స్పామర్ పేగు గోడలలోని కణాల నుంచి ఒక పదార్థాన్ని తీసి, దానికి ఎంటెరమిన్ అని పేరు పెట్టారు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే ముగ్గురు రక్తపు సీరం నుంచి రక్తనాళాలను బిగించే పదార్థాన్ని వేరుచేశారు. సీరంలో దొరికింది, నాళాలకు బిగువు, అంటే టోన్ ఇస్తుంది కాబట్టి సెరొటోనిన్ అన్నారు. ఈ రెండూ ఒకటేనని 1952లో తేలింది. 1953లో బెట్టీ ట్వారోగ్, పేజ్ ఇదే పదార్థం మెదడులో కూడా ఉందని చూపించారు.

అంటే పేగు, రక్తం, మెదడు, ఈ మూడు చోట్లా సెరొటోనిన్ ఉంటుంది. శరీరంలోని మొత్తంలో 90 శాతానికి పైగా ఉండేది పేగుల్లోనే. అక్కడ అది పేగు కదలికను నడుపుతుంది. రక్తంలో ప్లేట్‌లెట్లు దాన్ని మోసుకుపోతాయి. దెబ్బ తగిలినప్పుడు రక్తం గడ్డకట్టడానికి సాయపడుతుంది. మెదడులో ఉండేది చాలా కొద్దిపాటి. మెదడు కాండంలోని రాఫే అనే చిన్న కణసమూహాలు దాన్ని తయారుచేసి మెదడంతటికీ పంపుతాయి. నిద్ర, ఆకలి, నొప్పి, కోపతాపాలు, మనసు నిలకడ, వీటన్నిటిలో దానికి పాత్ర ఉంది.

రక్తపరీక్ష ఏం చెబుతుంది?

ఇక్కడొక ముఖ్యమైన విషయం. రక్తంలోని సెరొటోనిన్ మెదడులోకి పోలేదు. మెదడు చుట్టూ రక్తనాళాల గోడల్లో ఒక అడ్డుగోడ ఉంది, అది దాన్ని రానివ్వదు. మెదడు తనకు కావలసింది తానే తయారుచేసుకోవాలి. కాబట్టి వేలి నుంచో, మోచేతి నుంచో తీసిన రక్తంలో ఎంత ఉందన్నది మెదడులో ఎంత ఉందో చెప్పదు. ఆ పరీక్షను డాక్టర్లు వాడేది ముఖ్యంగా కార్సినాయిడ్ అనే అరుదైన కణితి అనుమానం వచ్చినప్పుడు. మనసు దిగులుగా ఉందని ఆ పరీక్ష చేయించడం డబ్బు దండగ. ఆ దంపతులకు మేము మొదట చెప్పింది ఇదే.

అరటిపండు సంగతి కూడా ఇంతే. అరటిపండులో సెరొటోనిన్ ఉన్నమాట నిజమే. కానీ అది తిన్నందువల్ల మెదడుకు చేరదు. అరటిపండు తినండి, మంచి పండు. కానీ మనసుకు మందు అని మాత్రం తినకండి.

మరి మెదడు దేనితో తయారుచేస్తుంది? ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంతో. ఇది మన శరీరంలో పుట్టదు, తిండి నుంచే రావాలి. దాన్ని సెరొటోనిన్‌గా మార్చే పనిలో ఇనుము, విటమిన్ బి6 కూడా కావాలి. పైగా మనం తిన్న ట్రిప్టోఫాన్‌లో సెరొటోనిన్‌గా మారేది కొద్ది భాగమే. ఎక్కువ భాగం కైనురెనిన్ అనే మరో దారిన పోతుంది. ఒళ్లు వాచి జ్వరాలు వచ్చినప్పుడు, మనసు మీద ఒత్తిడి ఎక్కువైనప్పుడు ఆ రెండో దారి ఇంకా వెడల్పవుతుంది.

కాబట్టి సెరొటోనిన్ అన్నది మూత తీసి నింపుకొనే డబ్బా కాదు. తిండి, వెలుతురు, కదలిక, నిద్ర, మనసు, మనిషి తీరు కలిసి నడిపే వ్యవహారం. ఈ మాట వినగానే యూనానీ చదివినవారికి ఒక పాత పాఠం గుర్తుకు రావాలి.

అస్బాబె సిత్తా జరూరియా

మనిషి ఆరోగ్యాన్ని నిలబెట్టేవీ, చెడగొట్టేవీ ఆరు తప్పనిసరి కారణాలున్నాయని యూనానీ చెబుతుంది. గాలి, తిండి–నీరు, శరీరపు కదలిక–విశ్రాంతి, మనసు కదలిక–విశ్రాంతి, నిద్ర–మెలకువ, శరీరంలో నిలపవలసినవి నిలపడం–పోవలసినవి పోనివ్వడం. ఇవే అస్బాబె సిత్తా జరూరియా. తప్పనిసరి అని ఎందుకన్నారంటే, బతికున్నంతకాలం ఎవరూ వీటి నుంచి తప్పించుకోలేరు. మందు మానవచ్చు, గాలీ నిద్రా మానలేం కదా!

వెయ్యేళ్ల కిందటి హకీములకు సెరొటోనిన్ తెలుసునని మేము అనడం లేదు. వాళ్లకు ఆ పేరు తెలియదు, తెలిసే వీలూ లేదు. కానీ రోగి దగ్గర ఏమేమి అడగాలో ఆ జాబితా వాళ్లు తయారుచేసి పెట్టారు. ఆరోగ్యవంతుల మీద ఇటీవల జరిగిన సెరొటోనిన్ పరిశోధనలను ఆ జాబితా పక్కన పెట్టి చూస్తే పాఠం సులువుగా అర్థమవుతుంది.

1. హవా – గాలి, వెలుతురు

ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో గాలి గురించి చెప్పేటప్పుడు ఋతువుల గురించీ, నివాసస్థలాల గురించీ కలిపే చెప్పారు. గాలి అంటే ఊపిరి ఒక్కటే కాదు, మనిషి బతికే పరిసరం అంతా.

2002లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు 101 మంది ఆరోగ్యవంతులైన మగవారి మీద ఒక పరిశీలన ప్రచురించారు. మెదడు నుంచి కిందికి వచ్చే మెడ సిర నుంచి రక్తం తీసి, మెదడు ఎంత సెరొటోనిన్ వాడుతున్నదో లెక్కవేశారు. చలికాలంలో అది అన్నిటికన్నా తక్కువ. ఆ రోజు ఎండ ఎంతసేపు కాసిందన్న దాన్నిబట్టి అది పెరిగింది. 2008లో కెనడాలోని టొరంటోలో ఆరోగ్యవంతుల మెదడు స్కానింగ్ చేసినప్పుడు, వాడిన సెరొటోనిన్‌ను వెనక్కి పీల్చుకునే పంపులు శరదృతువు, చలికాలాల్లో ఎక్కువగా కనిపించాయి.

అయితే మనకు ఆ దేశాలంత చలికాలం ఉందా? లేదు. మెల్‌బోర్న్‌లో అన్నిటికన్నా పొడవైన పగటికీ, పొట్టి పగటికీ ఐదు గంటలకు పైగా తేడా ఉంటుంది. చెన్నైలో ఆ తేడా సుమారు గంటన్నర, ముంబయిలో రెండు గంటల పైచిలుకు. కాబట్టి మన ఇబ్బంది ఋతువు కాదు, మనం కూర్చునే గది. ట్యూబులైటు వెలుగులో ఉన్న గదిలో వెలుతురు వంద నుంచి మూడు వందల లక్స్ దాకా ఉంటుంది. ఆరుబయట నీడలో నిలబడినా వేలల్లో ఉంటుంది. నేరుగా ఎండలో లక్ష దాకా పోతుంది. కంటికి గది బాగానే వెలిగినట్టు కనబడుతుంది. కానీ మెదడు లెక్కలో అది సాయంత్రమే.

ఆ కుట్టుపని చేసే అమ్మను అడిగాం. "కిటికీ ఉంది కానీ ఎదురుగా పక్కింటి గోడే. పొద్దున్నుంచీ లైటు వేసుకునే కుడతాను. మేడ మీదికి బట్టలు ఆరేయడానికి అత్తమ్మ వెళ్తారు" అన్నది. వారం రోజుల్లో ఆమె ఆకాశం కింద నిలబడిన సమయం లెక్కవేస్తే గంట కూడా రాలేదు.

2. మాకూల్ ఓ మష్రూబ్ – తిండి, నీరు

ట్రిప్టోఫాన్ పప్పుల్లో, గుడ్డులో, పాలలో, చేపలో, మాంసంలో, వేరుశనగల్లో, నువ్వుల్లో ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు శరీరపు బరువులో కిలోకు సుమారు 4 మిల్లీగ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి 240 మిల్లీగ్రాములు. ఒక గుడ్డులో 75–80 మిల్లీగ్రాములుంటుంది. ఒక గ్లాసు పాలలోనూ ఇంచుమించు అంతే. రోజూ పప్పు, కొంచెం పెరుగు, వారానికి కొన్నిసార్లు గుడ్డో చేపో తినే ఇంట్లో దీనికి లోటు రాదు.

ఇక్కడొక చిత్రం ఉంది. ట్రిప్టోఫాన్ మెదడులోకి పోయే వాకిలి ఇరుకు. దాని గుండానే మరికొన్ని పెద్ద అమైనో ఆమ్లాలు కూడా పోవాలి. మాంసకృత్తులు బాగా తింటే ఆ మిగతావే ఎక్కువగా వచ్చి వాకిలి దగ్గర తోసుకుంటాయి. వట్టి పిండిపదార్థాలు తింటే ఇన్సులిన్ ఊరి, ఆ మిగతావాటిని కండరాల్లోకి పంపేస్తుంది. ట్రిప్టోఫాన్‌కు దారి కాస్త ఖాళీ అవుతుంది. ఇది విని 'అయితే తీపి తింటే మనసు బాగుంటుంది' అనుకోకండి. భోజనంలో కొంచెం పప్పున్నా ఆ ప్రభావం మాయమైపోతుంది. తీపి వల్ల మిగిలేది చక్కెర జబ్బే.

అసలు లోటు వచ్చేది తిండి తగ్గినప్పుడు. 1990లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఆరోగ్యవంతులైన ఆడవారికీ, మగవారికీ మూడు వారాలు తక్కువ కాలరీల ఆహారం ఇచ్చి చూశారు. ఇద్దరిలోనూ రక్తంలో ట్రిప్టోఫాన్ తగ్గింది. కానీ మెదడులో సెరొటోనిన్ పనితీరు మారిన సూచనలు ఆడవారిలోనే కనిపించాయి. మన ఇళ్లలో ఆడవాళ్లు డైటింగ్ పేరుతో తిండి తగ్గించడం ఒకటి. అందరికీ వడ్డించి చివరన మిగిలింది తినడం రెండోది. పేరు వేరైనా శరీరానికి రెండూ ఒకటే.

దక్కనులోనే జరిగిన మరో పాఠం చెప్పాలి. జొన్నలే ముఖ్య ఆహారంగా తినే పేదవారిలో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, వాటితోపాటు దిగులు, తికమక. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో దీని మీద రాస్తూ, జొన్నల్లో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని కారణంగా ప్రతిపాదించారు. ట్రిప్టోఫాన్ నుంచే శరీరం నియాసిన్ విటమిన్‌ను కూడా తయారుచేసుకుంటుంది. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు 1 మిల్లీగ్రాము నియాసిన్. ఇందువల్ల జొన్నరొట్టె చెడ్డదని కాదు. షోలాపూర్, బళ్లారి వైపు మనవాళ్లు తినే జొన్నరొట్టె పక్కన పప్పో, వేరుశనగ చట్నీయో, పెరుగో ఉన్నంతకాలం అది మంచి తిండే. వట్టి రొట్టె, వట్టి కారమే అయితే మాత్రం కాదు.

మా దగ్గరకు వచ్చిన అమ్మ మధ్యాహ్నం తినేది అన్నం, ఊరగాయ. పప్పు పిల్లలకూ, ఆయనకూ అయిపోయేది. హిమోగ్లోబిన్ పరీక్ష చేయిస్తే తక్కువగా ఉంది. ఇనుము తక్కువైతే నీరసం ఒకటి, పైన చెప్పిన తయారీకి అడ్డు మరొకటి.

3. హర్కత్ ఓ సుకూన్ బదనీ – శరీరపు కదలిక, విశ్రాంతి

ఆరోగ్య రక్షణలో మొదటి స్థానం వ్యాయామానికీ, తర్వాత తిండికీ, ఆ తర్వాత నిద్రకూ ఇచ్చారు ఇబ్నె సీనా. నడిచినప్పుడు, పరుగెత్తినప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి వస్తాయి. మామూలుగా ట్రిప్టోఫాన్ రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని ఉంటుంది. కొవ్వు ఆమ్లాలు వచ్చి దాన్ని విడిపిస్తాయి. అదే సమయంలో పనిచేసే కండరాలు పోటీ అమైనో ఆమ్లాలను కొన్నిటిని వాడేసుకుంటాయి. ఇరుకు వాకిలి దగ్గర తోపులాట తగ్గుతుంది. తీపి చేయలేని పని నడక చేస్తుందన్నమాట.

"ఇంటిపని అంతా నేనే చేస్తాను కదా, అది చాలదా?" అని ఆడవాళ్లు అడుగుతారు. ఇంటిపనిలో అలసట ఉంటుంది కానీ, ఊపిరి పెరిగేలా అరగంట ఆగకుండా జరిగే కదలిక తక్కువ. మిషను ముందు ఎనిమిది గంటలు కూర్చోవడంలో నడుము నొప్పే మిగులుతుంది.

4. హర్కత్ ఓ సుకూన్ నఫ్సానీ – మనసు కదలిక, విశ్రాంతి

కోపం, భయం, దుఃఖం, సంతోషం శరీరాన్ని మారుస్తాయని యూనానీ మొదటి నుంచీ చెబుతోంది. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, శరీర ఆరోగ్యానికి ఎంత చోటిచ్చారో మనసు ఆరోగ్యానికీ అంత ప్రత్యేకంగా చోటిచ్చి ఒక గ్రంథమే రాశారు.

సెరొటోనిన్ మనసును మారుస్తుందని అందరూ అంటారు. మరి మనసు సెరొటోనిన్‌ను మారుస్తుందా? 2007లో కెనడాలోని మాంట్రియల్‌లో ప్రచురించిన ఒక చిన్న పరిశీలనలో, ఆరోగ్యవంతులైన కొద్దిమంది నటీనటులను తమ జీవితంలోని సంతోష ఘట్టాలనూ, దుఃఖ ఘట్టాలనూ తలచుకోమన్నారు. అప్పుడు మెదడు స్కానింగ్ తీస్తే, భావోద్వేగాలకు సంబంధించిన ఒక భాగంలో సెరొటోనిన్ తయారీ సంతోషానికీ దుఃఖానికీ వేరువేరుగా కనిపించింది. అంటే దారి రెండు వైపులా నడుస్తుంది. మనిషితో మనిషి నాలుగు మాటలు మాట్లాడుకోవడం, ఒకరు చేసిన పనిని మరొకరు మెచ్చుకోవడం కబుర్లు కావు, అవీ ఆరోగ్యంలో భాగమే.

5. నౌమ్ ఓ యఖ్జా – నిద్ర, మెలకువ

మెదడులో సెరొటోనిన్ పంపే కణాలు మెలకువలో చురుగ్గా పనిచేస్తాయి, నిద్రలో నెమ్మదిస్తాయి, కలలు వచ్చే నిద్రలో దాదాపు ఆగిపోతాయి. జంతువుల మీద జరిగిన పరిశోధనల్లో ఇది స్పష్టంగా కనిపించింది. చీకటి పడిన తర్వాత పీనియల్ గ్రంథి సెరొటోనిన్‌నే మెలటోనిన్‌గా మార్చి, ఇక రాత్రి అయిందని శరీరానికి కబురు పంపుతుంది. పగలు వెలుతురు చాలక, రాత్రి ఒంటిగంట దాకా ట్యూబులైటూ ఫోనూ వెలుగుతుంటే ఈ పగలు–రాత్రి కబురు తారుమారవుతుంది. రంజాన్‌లో సహరీకి లేవడం వల్ల నిద్ర రెండు ముక్కలవుతుంది. ఆ నెలలో మధ్యాహ్నం కాసేపు పడుకుని లోటు తీర్చుకునే వెసులుబాటు ఇంట్లో అందరికీ ఉండాలి, వంట చేసేవాళ్లకు ముందుగా ఉండాలి.

6. ఇహ్తిబాస్ ఓ ఇస్తిఫ్రాగ్ – నిలపడం, పోనివ్వడం

తిన్నది పేగులోకి రాగానే పేగు గోడ సాగుతుంది. అక్కడి కణాలు సెరొటోనిన్ వదులుతాయి. నరాలు మేల్కొని పేగు కదులుతుంది. పేగులోని సూక్ష్మజీవులు కూడా ఈ తయారీని ప్రేరేపిస్తాయని 2015లో ఎలుకల మీద జరిగిన ఒక పరిశోధన చూపింది. అయితే పేగు సెరొటోనిన్ వేరు, మెదడు సెరొటోనిన్ వేరు అని ముందే చెప్పుకున్నాం. రెంటినీ కలిపి గందరగోళపడకండి. మలబద్ధకం పోగొట్టుకోవడం కడుపు కోసం మంచిదే. నీళ్లు, ఆకుకూరలు, నడక, పొద్దున తొందరపడకుండా కూర్చునే సమయం దానికి చాలు.

బహిష్టును కూడా యూనానీ ఈ ఆరో కారణంలోనే చెబుతుంది. ఆడవారిలో ఈస్ట్రోజెన్ పెరుగుతూ తగ్గుతూ ఉండడం సెరొటోనిన్ పనితీరునూ తాకుతుంది. బహిష్టుకు ముందు వారంలో చిరాకు, ఏడుపు రావడం 'నఖరా' కాదు. ఇంట్లో మగవాళ్లు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకున్నా ఈ పాఠం వృథా కాలేదనుకుంటాం.

మనిషికీ మనిషికీ తేడా

పరిసరం ఒకటే అయినా ఫలితం ఒకటిగా ఉండదు. దీన్నే యూనానీ మిజాజ్ తేడా అంటుంది. సెరొటోనిన్ విషయంలో ఈ తేడా కొలిచి చూసినదే. 1997లో మాంట్రియల్‌లో జరిగిన ఒక చిన్న స్కానింగ్ పరిశీలనలో మగవారి మెదడులో సెరొటోనిన్ తయారీ రేటు ఆడవారికన్నా సగటున 52 శాతం ఎక్కువగా కనిపించింది. వయసు పెరిగేకొద్దీ సెరొటోనిన్‌ను అందుకునే కొన్ని గ్రాహకాలు తగ్గుతాయి.

ఇంకో ప్రయోగం మరీ ఆలోచింపజేస్తుంది. ట్రిప్టోఫాన్ లేని అమైనో ఆమ్లాల పానీయం తాగిస్తే కొద్ది గంటల్లో రక్తంలో ట్రిప్టోఫాన్ బాగా పడిపోతుంది. దాంతో మెదడులో సెరొటోనిన్ తయారీ కూడా తగ్గుతుంది. ఇలా చేసినప్పుడు కుటుంబంలో డిప్రెషన్ చరిత్ర లేని ఆరోగ్యవంతులలో చాలామందికి మనసులో ఏ మార్పూ రాలేదు. కుటుంబంలో ఆ చరిత్ర ఉన్నవారిలో కొంత దిగులు కనిపించింది. డిప్రెషన్ వచ్చి మందులతో తేరుకున్నవారిలో అది ఎక్కువగా కనిపించింది. తగ్గుదల ఒకటే, మనుషులే వేరు. అందుకే 'ఫలానా వాళ్లు ఇంతకన్నా కష్టాలు పడి నవ్వుతూ ఉన్నారు, నీకేమైంది' అని ఎవరినీ అనకండి.

2022లో లండన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసి, సెరొటోనిన్ తక్కువ కావడమే డిప్రెషన్‌కు కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని రాశారు. దీన్ని చదివి వేసుకుంటున్న మాత్రలు ఎవరూ ఆపవద్దు. జ్వరం బిళ్లతో తలనొప్పి తగ్గినంత మాత్రాన ఆ బిళ్ల లోటే తలనొప్పికి కారణమని కాదు కదా. మందు పనిచేయడం ఒక సంగతి, జబ్బుకు కారణం మరో సంగతి. డాక్టరుతో మాట్లాడకుండా ఒక్కసారిగా మానేస్తే తలతిరుగుడు, నిద్రలేమి, ఆందోళన వస్తాయి.

అస్రోల్ నేర్పిన పాఠం

'మన యూనానీ మందులకు సైడ్ ఎఫెక్టులు ఉండవు' అనేవారికి ఈ కథ చెప్పాలి. సర్పగంధి వేరును మనం అస్రోల్ అంటాం. హకీం అజ్మల్ ఖాన్ దీన్ని శాస్త్రీయంగా పరిశీలించాలని కోరుకున్నారు. ఢిల్లీ తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దీఖీ 1931లో ఈ వేరు నుంచి కొన్ని క్షారాలను వేరుచేసి, ఒకదానికి ఆయన పేరిట అజ్మలిన్ అని పేరు పెట్టారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ రక్తపోటుకు ఈ వేరు వాడిన అనుభవాన్ని బ్రిటిష్ పత్రికలో రాస్తే ప్రపంచం అంతా చూసింది. 1952లో స్విట్జర్లాండ్‌లో దీని నుంచి రెసర్పిన్ వచ్చింది. 1955లో అమెరికాలో బ్రాడీ బృందం రెసర్పిన్ ఇచ్చిన జంతువుల మెదడులో సెరొటోనిన్ ఖాళీ అయిపోతుందని చూపింది. రక్తపోటుకు ఆ మందు వాడిన రోగుల్లో కొందరు తీవ్రమైన దిగులులో పడినట్టు కూడా ఆ కాలంలో డాక్టర్లు రాశారు.

ఇంత శక్తి ఉన్న వేరు ఇది. అంగడిలో పొడి కొని సొంతంగా వేసుకోవలసినది కాదు. దిగులు ఉన్నవారు అసలు ముట్టకూడదు. అలాగే డిప్రెషన్ మాత్రలు వాడుతూ హకీం దగ్గరకు వచ్చినప్పుడు ఆ సంగతి దాచకండి. ఆ మాత్రలతోపాటు ట్రమడాల్ అనే నొప్పి మందు, డెక్స్ట్రోమెథార్ఫన్ ఉన్న దగ్గు మందు, సెయింట్ జాన్స్ వర్ట్ అనే విదేశీ మూలిక కలిస్తే సెరొటోనిన్ మితిమీరవచ్చు. వణుకు, చెమటలు, జ్వరం, గుండెదడ, విరేచనాలు, కంగారు దాని లక్షణాలు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ట్రిప్టోఫాన్ బిళ్లల విషయంలోనూ తొందర వద్దు. 1989లో అమెరికాలో కల్తీ చేరిన ట్రిప్టోఫాన్ బిళ్లల వల్ల 1500 మందికి పైగా జబ్బుపడ్డారు, 30 మందికి పైగా చనిపోయారు. పప్పులో అటువంటి భయం లేదు.

ఆ ఇంట్లో ఏం మారింది?

ఆ దంపతులకు ఖమీరా రాయలేదు. ఆయనను కూర్చోబెట్టి, "బాబూ, మందు మీ ఇంట్లోనే ఉంది. కానీ అది ఈమె ఒక్కతే వేసుకునేది కాదు, అందరూ కలిసి ఇవ్వవలసినది" అన్నాం. రక్తహీనతకూ, థైరాయిడ్ పరీక్షకూ డాక్టరు దగ్గరకు పంపాం. థైరాయిడ్ బాగానే ఉంది. ఇనుము మాత్రలు మొదలయ్యాయి. మిషను వీధివైపు వరండాలోకి మార్చారు. పొద్దున పిల్లవాణ్ణి బడికి నడిపించుకుపోయే పని ఆమె తీసుకుంది, ఆ సమయంలో టిఫిన్ల పని అత్తగారు తీసుకున్నారు. మధ్యాహ్నం అందరితోపాటే కంచం పెట్టుకోవాలన్నాం. రాత్రి పది తర్వాత మిషను కట్టేయాలన్నాం.

రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు ఆమె, "పూర్తిగా బాగయ్యానని చెప్పలేనండీ. కానీ పొద్దున లేవడానికి మనసొప్పుతోంది" అన్నది. ఇనుము వల్ల ఎంత, నడక వల్ల ఎంత, అందరితో కూర్చుని తినడం వల్ల ఎంత అని విడదీసి చెప్పలేం. విడదీయవలసిన అవసరమూ ఆమెకు లేదు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

ఈ పాఠం ఆరోగ్యంగా ఉన్నవారి కోసం. రెండు వారాలకు పైగా రోజంతా దిగులు, దేనిలోనూ ఆసక్తి లేకపోవడం, నిద్ర–ఆకలి బాగా చెడిపోవడం, బతకాలని లేదనే మాట ఉంటే అది నడకతో, పప్పుతో ఊరుకునే విషయం కాదు. మానసిక వైద్యుణ్ణి కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ రాష్ట్రం నుంచైనా ఫోన్ చేయవచ్చు. దీన్ని ఇంటి పరువుకు ముడిపెట్టి ఆలస్యం చేయకండి.

పాఠం సారాంశం

• రక్తంలోని సెరొటోనిన్ లెక్క మెదడు లెక్క కాదు. దిగులుకు ఆ పరీక్ష అక్కరలేదు.
• పొద్దున అరగంట ఆరుబయట నడవండి. వెలుతురూ కదలికా ఒకేసారి దొరుకుతాయి.
• ప్రతి పూటా కంచంలో పప్పో, గుడ్డో, పెరుగో, చేపో ఉండాలి. చివర తినేవారి కంచంలో కూడా.
• పడుకునే వేళ, లేచే వేళ రోజూ ఒకటిగా ఉంచండి.
• వాడుతున్న మందులన్నీ హకీంకూ, డాక్టరుకూ ఇద్దరికీ చెప్పండి.
• ఈ వారం మీ ఇంట్లో ఒక్క లెక్క వేయండి: ఇంటిల్లిపాదిలో అందరికన్నా తక్కువ వెలుతురు, తక్కువ నిద్ర, చివరి కంచం ఎవరివి? ఆ ముగ్గురూ ఒకరే అయితే, మార్పు అక్కడి నుంచి మొదలుపెట్టండి.